అండమాన్ తీరపు కొంగ: ఒకే జాతి, రెండు రంగులు.. గుర్తించడం ఎలా?

అండమాన్ తీరంలో ఆటు వేళ బయటపడిన బండలపై ఒక ముదురు బూడిదరంగు కొంగ, దానికి కొద్ది దూరంలో ఒక తెల్లకొంగ కనిపిస్తే వాటిని వేర్వేరు జాతులుగా భావించడం సహజం. అయితే ఆ రెండూ ఒకే జాతి పక్షులు కావచ్చు. అదే పసిఫిక్ రీఫ్ హెరాన్. దీని శాస్త్రీయ నామం ఇగ్రెట్టా సాక్రా. జర్మన్ శాస్త్రవేత్త గ్మెలిన్ 1789లో ఈ జాతిని వర్ణించారు. ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చాతం ద్వీపంలో బ్రిటిష్ స్థావరాన్ని నెలకొల్పినదీ ఆ ఏడాదే.

రెండు రంగులు ఎందుకు?

ఈ భేదం వయసు వల్ల గానీ, ఆడ, మగ తేడా వల్ల గానీ వచ్చేది కాదు. పుట్టుకతో సంక్రమించే లక్షణం. రెండు రంగుల పక్షులూ జతకడతాయి. బూడిదరంగు పక్షికి గొంతు వద్ద సన్నని తెల్లచార ఉండవచ్చు. దీనిని గుర్తించడం సులభం. చిక్కంతా తెల్లని పక్షితోనే.

చిన్న తెల్లకొంగతో పోలిక

తెలుగు రాష్ట్రాల్లోని చెరువులు, వరిపొలాల్లో తరచూ కనిపించే చిన్న తెల్లకొంగ కూడా దాదాపు ఇదే పరిమాణంలో, సుమారు 60 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అందువల్ల ఈ లక్షణాలను గమనించాలి.

కాళ్లు: చిన్న తెల్లకొంగ కాళ్లు సన్నగా, నల్లగా ఉండి, పాదాలు మాత్రం పసుపురంగులో ఉంటాయి. తీరపు కొంగ కాళ్లు పొట్టిగా, దృఢంగా, పసుపు లేదా ఆకుపచ్చ ఛాయలో ఉంటాయి.

ముక్కు: చిన్న తెల్లకొంగ ముక్కు నల్లగా, సన్నగా ఉంటుంది. తీరపు కొంగ ముక్కు మందంగా ఉంటుంది. తెల్లని పక్షుల్లో అది తరచూ పసుపు ఛాయలో కనిపిస్తుంది.

ఎగిరేటప్పుడు: చిన్న తెల్లకొంగ కాళ్లు తోక దాటి బాగా వెనక్కు చాచుకొని ఉంటాయి. తీరపు కొంగ కాళ్లు కొద్దిగానే బయటకు కనిపిస్తాయి.

నడక: తీరపు కొంగ శరీరాన్ని వంచి, పొంచి పొంచి నడుస్తూ చేపలను, పీతలను పట్టుకుంటుంది.

ఆవాసం ఒక్కటే ఆధారం కాదు

2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ భూభాగం కుంగింది. సిప్పీఘాట్ ప్రాంతంలోని పొలాల్లోకి సముద్రపు నీరు చేరి అవి చిత్తడి నేలలుగా మారాయి. అక్కడ పలు రకాల కొంగలు మేత వెతుక్కుంటాయి. తీరపు కొంగ ప్రధానంగా రాతి తీరాల్లో, పగడపు దిబ్బలపై ఉంటుంది. చిన్న తెల్లకొంగ కూడా తీరానికి వస్తుంది కనుక స్థలాన్ని బట్టి మాత్రమే నిర్ధారణకు రాకూడదు.

తెల్లని పక్షులన్నింటినీ చిన్న తెల్లకొంగలుగా నమోదు చేస్తే తీరపు కొంగల సంఖ్య వాస్తవం కంటే తక్కువగా తేలుతుంది. ప్రపంచవ్యాప్తంగా ఈ జాతికి ప్రస్తుతం ముప్పు తక్కువే. కానీ దాని స్థానిక పరిస్థితిని తెలిపేది ఇటువంటి లెక్కలే. అందువల్ల కాళ్లు, ముక్కు స్పష్టంగా కనిపించనప్పుడు జాతిని ఊహించి రాయకుండా, ‘గుర్తించని తెల్లకొంగ’ అని నమోదు చేయడమే సరైన పద్ధతి.