ఒకే దారిలో మూడు కాలాలు

ఫ్రాన్సు ఆగ్నేయ మూలన, మధ్యధరా సముద్రానికి ఎగువన ఉన్న ఆల్ప్స్ కొండల్లో త్యురీని అనే కనుమ ఉంది. ఎత్తు 1,607 మీటర్లు. జనవరిలో ఆ కనుమ దాటాలంటే కింద ఊళ్లో పొడి తారురోడ్డు మీద బయలుదేరాలి. సగం కొండ ఎక్కేసరికి నీడపట్టు మలుపుల్లో తడి తగులుతుంది. ఆపైన కంటికి కనపడని పలచటి మంచుగడ్డ, కొమ్ము దగ్గర బండ్లు తొక్కి గట్టిపరిచిన మంచు, అవతలి వైపు దిగితే మళ్లీ పొడి రోడ్డు. 1911లో మొదలైన మోంటే కార్లో ర్యాలీకి ఇంత పేరు తెచ్చింది ఇలాంటి దారులే. వేగం కోసమే పుట్టిన కారుకు, పూటకో తీరుగా మారే చలిలో ఏ టైరు వేయాలి? ఈ ప్రశ్నను ఆ పందెం అడిగినంత గట్టిగా మరే పందెమూ అడగలేదు.

అక్కడ ప్రతి పెద్ద జట్టుకూ ఒక ముందస్తు బృందం ఉంటుంది. పందెం కార్లు రాకముందే ఆ దారంతా మామూలు కారులో తిరిగి, ఏ మలుపు లోపలి అంచున మంచుగడ్డ ఉందో, ఏ వంతెన మీద తడి ఆరలేదో చూసుకుంటూ వెళ్తుంది. డ్రైవరు పక్కన కూర్చునే సహచరుడు చదివే నోట్సులో ఆ మార్పులు ఎక్కుతాయి. అయితే టైర్లు ఎంచుకోవాల్సింది కారు దారిపట్టకముందే, సర్వీసు జరిగే చోట. అక్కడినుంచి పందెం మొదలయ్యే చోటికి చేరేలోపు ఎండ కాసి మంచు కరగొచ్చు, మబ్బు పట్టి కొత్త మంచు కురవనూవచ్చు. అందుకే కొందరు రెండు రకాలనూ ఐమూలగా బిగిస్తారు. ముందు ఎడమ, వెనక కుడి చక్రాలకు ఇనుప మేకుల టైర్లు, మిగతా రెండింటికి మెత్తటి రబ్బరు తారురోడ్డు టైర్లు. డిక్కీలో ఒకటో రెండో స్పేర్లు. మంచులో సగం పట్టు, తారు మీద సగం పట్టు. ఏ చోటా పూర్తి సుఖం లేదు, ఏ చోటా పూర్తిగా చేతులెత్తేయనక్కర్లేదు.

చలికాలపు టైరు చరిత్ర మాత్రం పందెం కార్లతో మొదలుకాలేదు, లారీలతో మొదలైంది. ఫిన్లాండ్‌లో నోకియా అనే చిన్న పట్టణం ఉంది. మన చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చిన రోజుల్లో మనందరికీ తెలిసిన నోకియా పేరు ఆ ఊరిదే. అక్కడి రబ్బరు కర్మాగారం 1934లో మంచు రోడ్ల కోసమే ఒక లారీ టైరు తయారుచేసింది. ప్రపంచంలో మొదటి చలికాలపు టైరుగా చెప్పేది దాన్నే. 1936లో కార్ల కోసం హక్కపెలీట్టా వచ్చింది. ఆ పేరు పదిహేడో శతాబ్దపు ఫిన్నిష్ గుర్రపు దళానిది, ఇప్పటికీ అదే పేరుతో టైర్లు అమ్ముతున్నారు. 1967లో ఆ రబ్బరు కంపెనీ, ఒక కాగితం కంపెనీ, ఒక కేబుల్ కంపెనీ కలిసి నోకియా సంస్థ అయ్యాయి. 1988లో టైర్ల విభాగం విడిపోయి తన దారి తాను చూసుకుంది. ఫోన్ల కథ అందరికీ తెలుసు. నా దృష్టిలో ఆ ఊరు లోకానికి ఇచ్చిన గొప్ప వస్తువు ఈ టైరే.

ఆ తొలి టైర్ల ఆలోచన సూటిగా ఉండేది. లోతైన గాళ్లు, పెద్ద దిమ్మెలు, వాటితో మంచును తవ్వుకుంటూ పోవడం. మెత్తటి మంచుకు అది సరిపోయేది, గాజులా నున్నటి మంచుగడ్డ మీద పనిచేయలేదు. 1960ల్లో టైరులోకి ఇనుప మేకులు దిగాయి. మంచుగడ్డ మీద వాటికి ఎదురులేదు కానీ, రోడ్డు పొడిగా ఉన్న రోజున అవే మేకులు తారును చెక్కేస్తాయి. పశ్చిమ జర్మనీ 1975లో వాటిని నిషేధించింది. జపాన్‌లో సెందాయ్, సప్పొరో వంటి నగరాల్లో చలికాలం వస్తే రోడ్ల నుంచి లేచే దుమ్ముతో జనానికి ఊపిరాడేది కాదు. పౌరులు పోరాడారు, 1990లో మేకుల టైర్లను అదుపుచేసే చట్టం వచ్చింది. మేకులు లేకుండా మంచుగడ్డను పట్టుకునే రబ్బరు కోసం వెతుకులాట నిజంగా ఊపందుకున్నది ఈ ఒత్తిడి వల్లే. ఆ చట్టానికి ముందే, 1988లో జపాన్‌లో బ్రిడ్జ్‌స్టోన్ సంస్థ బ్లిజాక్ టైరు తెచ్చింది. దాని రబ్బరు నిండా సూక్ష్మమైన బుడగలు. మంచుగడ్డ మీద జారుడుకు అసలు కారణం పైన ఏర్పడే పలచటి నీటిపొర. ఆ నీటిని బుడగల గుంతలు పీల్చుకుంటే రబ్బరు నేరుగా మంచుగడ్డను తాకుతుంది.

ఇలాంటి టైరును దగ్గరగా చూస్తే ప్రతి రబ్బరు దిమ్మె మీదా వెంట్రుకంత సన్నటి చీలికలు వంకరటింకరగా కనిపిస్తాయి. వేలితో నొక్కితే విచ్చుకుంటాయి. దిమ్మె నేలకు ఆనినప్పుడు ఒక్కో చీలిక ఒక్కో అంచుగా మారి మంచును గోకుతుంది. అమెరికాలో జాన్ సైప్ అనే ఆయన ఈ గాట్లకు 1923లోనే పేటెంట్ తీసుకున్నారు. రక్తంతో, నీటితో జారే కబేళా నేల మీద పట్టు కోసం ఆయన తన బూట్ల అడుగున గాట్లు పెట్టుకున్నారని ఒక కథ చెబుతారు.

అసలు మర్మం మాత్రం గాట్లలో కంటే రబ్బరులో ఉంది. చలికాలం తెల్లవారుజామున కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టినట్టు, వేసవి టైరు రబ్బరు కూడా చలికి బిగుసుకుంటుంది. సున్నా డిగ్రీల దాకా పోనక్కర్లేదు. సుమారు 7 డిగ్రీల కిందకు దిగితే చాలు, పట్టు తగ్గడం మొదలవుతుంది. అప్పుడు రోడ్డు మీద మంచు చుక్క లేకపోయినా సరే. చలికాలపు రబ్బరులో సిలికా, సహజ రబ్బరు పాళ్లు మార్చి, గడ్డకట్టే చలిలోనూ మెత్తగా ఉండేలా చేస్తారు. సిలికాతో చేసిన టైరును మిషెలిన్ 1992లో మార్కెట్లోకి తెచ్చాక ఈ విద్య చాలా ముందుకెళ్లింది. ఆ మెత్తదనమే ఎండలో శాపం. 20 డిగ్రీల పొడి రోడ్డు మీద చలికాలపు టైరు మలుపుల్లో వంగిపోతుంది, త్వరగా అరుగుతుంది.

వేగపు కార్లకు ఈ బాధ రెండింతలు. వాటితో వచ్చే వెడల్పాటి వేసవి టైర్లు వేడెక్కితేనే పనిచేసేలా చేసినవి. బాగా గడ్డకట్టించే చలిలో బండి కదిపితే రబ్బరు పగుళ్లు పట్టొచ్చని తయారీదార్లే హెచ్చరిస్తారు. పైగా వెడల్పు టైరు మంచు మీద తేలుతుంది, సన్నటి టైరు కోసుకుంటూ కిందికి దిగుతుంది. అందుకే అనుభవజ్ఞులు చలికాలానికి ఒక అంగుళం చిన్న రిమ్ము, కాస్త సన్నటి టైరు వేసుకుంటారు. బ్రేకులకు అడ్డు రాకుండా సరిపోతేనే సుమా.

మోంటే కార్లో చరిత్రలో 1983 సంవత్సరాన్ని, టైరు విలువ తెలియడానికి, నేను పదేపదే గుర్తుచేస్తాను. నాలుగు చక్రాలూ తోసే ఆడి క్వాట్రో ఉండగా, వెనక చక్రాలే తోసే లాంచియా 037 కార్లు మొదటి, రెండో స్థానాల్లో నిలిచాయి. గెలిచింది వాల్టర్ రోర్ల్. ఆ ఏడు మంచు తక్కువ. లాంచియా జట్టు అధిపతి చెజారె ఫియోరియో రోడ్ల మీద ఉప్పు చల్లించాడనీ, కొండ ఎక్కేవరకు మేకుల టైర్లు వాడి, పందెం మధ్యలోనే ఆపి దిగుడుకు తారురోడ్డు టైర్లు బిగించారనీ ఈనాటికీ చెప్పుకుంటారు. నాలుగు చక్రాల తోపు కారును ముందుకు లాగుతుంది, ఆపేది మాత్రం టైరే. ఇవాళ నాలుగు చక్రాల తోపు ఉన్న కారు కొని, టైర్ల సంగతి మర్చిపోయేవాళ్లు ఈ ముక్క విన్నారంటే నాకు చాలు.

ఇక రోజూ నడిపే బండ్ల మాట. టైరు పక్కన ‘ఎం ప్లస్ ఎస్’ అక్షరాలుంటే మంచుకు పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ అక్షరాలు వేయడానికి మంచు పరీక్ష ఏదీ అక్కర్లేదు, గాళ్ల తీరు చూసి తయారీదారే వేసుకోవచ్చు. 1999లో అమెరికా, కెనడాల్లో మూడు శిఖరాల కొండ, అందులో మంచురేకు ఉన్న గుర్తు వచ్చింది. నమూనా టైరుకు 100 మార్కులు ఇస్తే, తొక్కుకుపోయిన మంచు మీద కనీసం 110 తెచ్చుకున్నదానికే ఆ గుర్తు. జర్మనీలో చలికాలపు రోడ్లకు 2024 అక్టోబరు నుంచి ఈ గుర్తున్న టైర్లే చెల్లుతాయి. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం 2008 నుంచే చలికాలపు టైర్లను తప్పనిసరి చేసింది.

ఈ టైర్లతో మనకూ చుట్టరికం ఉంది. చలికాలపు టైర్ల విద్యలో ఆరితేరిన డచ్ కంపెనీ వ్రెడెస్టైన్‌ను 2009లో మన దేశపు అపోలో టైర్స్ కొన్నది. ఆంధ్రప్రదేశ్‌లోని చిన్నపండూరులో 2020లో కర్మాగారం ప్రారంభించింది కూడా ఆ సంస్థే. మన ఇళ్ల పిల్లలు ఎందరో ఈ టైర్లు అవసరమయ్యే డెట్రాయిట్‌లో, షికాగోలో, టొరంటోలో ఉన్నారు. వారికి నా మాట సూటిది: వేగపు కారు ఉంటే రెండో సెట్టు రిమ్ములు కొని, నవంబరులో చలికాలపు టైర్లు బిగించండి, ఏప్రిల్‌లో తీసేయండి. రెండు సెట్ల టైర్లూ వంతులవారీగా అరుగుతాయి కాబట్టి ఖర్చు అనుకున్నంత ఉండదు. డాలస్, అట్లాంటా, షార్లెట్‌ల్లో వారానికో వాతావరణం. అక్కడ శిఖరం గుర్తున్న, ఏడాదంతా నడిచే టైరు చాలు. మంచుగడ్డ పట్టిన ఆ ఒకటిరెండు రోజులు మాత్రం కారు తీయకండి. ఎక్కడున్నా గాళ్ల (ట్రెడ్) లోతు 4 మిల్లీమీటర్లకు తగ్గితే, చట్టం ఒప్పుకున్నా సరే, ఆ టైరు చలికి పనికిరాదు.