పైకప్పుకు అంటించిన కవరు

1988 జులైలో పారిస్ శివారు క్లామార్‌లోని ఒక ప్రయోగశాల పైకప్పుకు ఓ కవరు అంటించారు. ఏ గొట్టంలో పరీక్షించే పదార్థం కలిపిన నీరుందో, దేనిలో వట్టి నీరుందో చెప్పే గుట్టంతా అందులోనే ఉంది. ప్రయోగం ముగిసేదాకా దాన్ని ఎవరూ తెరవకూడదు.

ఆ ప్రయోగశాల జాక్ బెన్వెనిస్త్‌ది. రక్తంలోని ప్లేట్‌లెట్లను ప్రేరేపించే ఒక పదార్థాన్ని 1970ల ఆరంభంలో గుర్తించి పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త ఆయన. జూన్ 30న నేచర్ పత్రికలో ఆయన బృందం రాసిన వ్యాసం దుమారం లేపింది. బేసోఫిల్ అనే తెల్ల రక్తకణాలను ఉసిగొల్పే యాంటీబాడీని నీటిలో పలచన చేస్తూపోయారు. 1 పక్కన 120 సున్నాలు పెట్టినంత పలచన చేశాక కూడా కణాలు స్పందించాయన్నారు. యాంటీబాడీ అణువు ఒక్కటీ మిగలని నీళ్లవి. మరి కణాలను కదిలించిందేమిటి? యాంటీబాడీని నీరు గుర్తుపెట్టుకుందని పత్రికలు రాశాయి.

హోమియోపతిని నమ్మేవాళ్లకు ఇది పండగే. శామ్యూల్ హానిమన్ 1810లో ప్రకటించిన వైద్యవిధానంలో అసలు చిక్కు అక్కడే ఉంది. ఒక వంతు మందుకు 99 వంతుల నీరో ఆల్కహాలో కలిపి కుదపడం ఒక మెట్టు. 12 మెట్లు దాటేసరికి అసలు మందు అణువు ఒక్కటైనా మిగలడం అనుమానమే. మన వీధిలో దొరికే పంచదార గోళీల సీసా మీద 30 పొటెన్సీ అని ఉంటే, అది 30 మెట్లు దిగిన మందు.

వ్యాసం అచ్చేసేముందే నేచర్ సంపాదకుడు జాన్ మాడాక్స్ ఒక షరతు పెట్టాడు: తాము వచ్చి చూస్తాం. బెన్వెనిస్త్ ఒప్పుకున్నాడు. ఆ ధైర్యానికి ఆయన్ను మెచ్చుకోవాలి. మాడాక్స్ వెంట శాస్త్ర పరిశోధనల్లో తప్పులు తవ్వితీసే వాల్టర్ స్టీవర్ట్, ఇంద్రజాలికుడు జేమ్స్ ర్యాండీ వచ్చారు. గారడీవాణ్ణి తీసుకురావడం ఆతిథ్యమిచ్చినవాళ్లకు అవమానమే. కానీ వాళ్లు పెట్టిన పరీక్షలో వంక లేదు. రంగు పట్టిన కణాలను సూక్ష్మదర్శినిలో కంటితో లెక్కపెట్టే పని అది. ఏ గొట్టం ఏదో తెలిస్తే, నిజాయితీపరుడి కన్ను కూడా కోరుకున్న వైపే మొగ్గుతుంది.

గుట్టు తెలిసి చేసిన ప్రయోగాల్లో ఫలితం కనిపించింది. గుట్టు పైకప్పున ఉండగా చేసిన మూడింటిలోనూ కనిపించలేదు. వ్యాసకర్తల్లో ఇద్దరి జీతాలు ఒక హోమియో మందుల కంపెనీ ఇస్తోందన్న సంగతీ బయటపడింది. ఇది మంత్రగత్తెల వేట అని బెన్వెనిస్త్ మండిపడ్డాడు. 1993లో లండన్ యూనివర్సిటీ కాలేజీ శాస్త్రవేత్తలు అదే ప్రయోగాన్ని మళ్లీ చేసి, అలాంటి ప్రభావమేదీ లేదన్నారు.

బెన్వెనిస్త్ 2004లో కన్నుమూసేదాకా తన మాట వెనక్కి తీసుకోలేదు. కానీ హోమియో మందుల ఖర్చులో కొంత భరిస్తూ వచ్చిన ఫ్రాన్స్ ప్రభుత్వ ఆరోగ్య బీమా మాత్రం, 2021 జనవరి 1 నుంచి ఆ చెల్లింపు పూర్తిగా ఆపేసింది.