కవాట రేకుల చికిత్సా చరిత్ర: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నేపథ్యం

గుండె కవాటాల రేకులలో కొన్ని లోపాలు పుట్టుకతో వస్తాయి. కొన్ని గాయాలు సూక్ష్మజీవుల దాడి వల్ల కలుగుతాయి. అయితే మన దేశంలో చిన్న వయసువారి కవాటాలను అధికంగా దెబ్బతీసినది కీళ్లవాత జ్వరం. స్ట్రెప్టోకోకస్ వల్ల వచ్చిన గొంతునొప్పికి చికిత్స అందనప్పుడు, శరీర రక్షణ వ్యవస్థే కొందరిలో రేకులపై తిరగబడుతుంది. రేకులు మందమై, అంచులు అతుక్కొని, ద్విపత్ర కవాటం ఇరుకవుతుంది.

ఈ ఇరుకును విప్పడానికి 1923లో బోస్టన్‌లో ఇలియట్ కట్లర్, 1925లో లండన్‌లో హెన్రీ సౌటర్ శస్త్రచికిత్సలు చేశారు. 1960లో స్టార్-ఎడ్వర్డ్స్ కృత్రిమ కవాటం వచ్చింది. 1990లో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ తాను రూపొందించిన దేశీయ కవాటాన్ని తొలిసారి రోగికి అమర్చింది.

2016 వరకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ కరీంనగర్ జిల్లాలోని పట్టణాలే. గుండె ఆపరేషన్‌కు ఇక్కడివారు ప్రధానంగా హైదరాబాదుపైనే ఆధారపడ్డారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఖర్చు భారాన్ని తగ్గించింది గాని దూరాన్ని కాదు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి.

అయినా రేకులను కాపాడే అసలు స్థలం ఆపరేషన్ గది కాదు. గొంతునొప్పికి సకాలంలో మందు, జ్వరం వచ్చినవారికి మూడు నాలుగు వారాలకొక పెన్సిలిన్ సూది ఊరి ఆరోగ్య కేంద్రంలోనే సాధ్యం. ఇరుకిళ్లలో ఈ సూక్ష్మజీవి సులభంగా వ్యాపిస్తుంది కనుక, మరమగ్గాల సిరిసిల్ల వంటి శ్రామిక పట్టణంలో కవాట వ్యాధి చరిత్రను గృహవసతి చరిత్రతో కలిపి చదవాలి.