చోఴుల అక్షరము, నా సొంత శాఖ

తెలుగు బ్లాగుల తొలినాళ్ళను తలచుకొన్నప్పుడు లేఖిని మనకు వెంటనే గుర్తుకు వస్తుంది. దాని వెనుకనున్న పద్మ మాత్రం అంతగా గుర్తుకు రాదు. నాగార్జున వెన్న 2005 ప్రాంతంలో ఫైర్‌ఫాక్స్‌కు పొడిగింతగా పద్మను రచించి, జీపీఎల్ లైసెన్సుతో అందరికీ విడిచిపెట్టినారు. పత్రికలు సొంత ఫాంటులతో ప్రచురించిన పుటలను యూనికోడులోకి మార్చి చూపడం దాని ప్రధానమైన పని. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్టీయస్ పద్ధతి నుండి తెలుగులిపికి మార్చే భాగమూ అందులో ఉండేది. వీవెన్ గారి లేఖిని ఆ కోడు ఆధారంగా వెలసినదే.

కోడు చేతికందితే ఊరకుండలేని వారిలో నేనొకణ్ణి. నాకూ ఒక ప్రతి దింపుకొన్నాను. నా అవసరం చిన్నది: మదనపల్లె చెంతనున్న చిప్పిలి శాసనం వంటి రేనాటి చోళుల పాఠాలను తిరుపతిలో కూర్చుని టైపు చేసుకోవడం. ఆనాటి శాసనాలలో ఆ వంశనామం 'చోఴ' అని కనబడుతుంది. ఴకారానికి అప్పటికి తెలుగు యూనికోడులో చోటు లేదు. ళకారంతో సరిపెట్టుకోవడానికి మనసొప్పలేదు. సొంత వాడుకకై యూనికోడు వదలిన గడులలో మొదటిదైన ఈ000ను తీసుకొని, ఫాంటులో అక్షరం గీసి, నా ప్రతిలో దానికొక మీట కేటాయించినాను. ఎంత సంబరపడ్డానో!

మార్పులను వేరొక దస్త్రంలో ఉంచక, మూలపు దస్త్రాలలోనే అక్కడక్కడ జొప్పించడం నేను చేసిన మొదటి తప్పు. మూలంలో కొత్త విడుదల వచ్చినప్పుడల్లా పంక్తి పంక్తికీ పోల్చి, నా ముక్కలను తిరిగి అతికించవలసి వచ్చేది. లారీ వాల్ 1985లో ప్యాచ్ పనిముట్టును వ్రాసినది ఇట్టి శ్రమ తగ్గించడానికే. కాని చుట్టుపక్కల పంక్తులు బాగా మారిపోతే అదీ చేతులెత్తేస్తుంది. మూడు విడుదలల తరువాత విసిగి మానుకొన్నాను. అంతటితో మూలంలోని దిద్దుబాట్లు నాకు చేరడమూ ఆగిపోయింది. (గూగుల్ అంతటిదానికే ఈ తిప్పలు తప్పలేదు. 2010లో లినక్సు 2.6.33 నుండి ఆండ్రాయిడ్ డ్రైవర్లను తొలగించినారు. 2012 నాటి 3.3తో గాని అవి మరల చేరలేదు.)

ఇంతలో సురేశ్ కొలిచాల గారు మొదలైనవారు నేను చేయని పని చేసినారు. ఴకారాన్ని చేర్చవలెనని 2012లో యూనికోడుకే ప్రతిపాదన పంపినారు. 2014లో వెలువడిన 7.0 కూర్పులో అది 0సి34 స్థానంలో చేరింది. నా దస్త్రాలు మాత్రం ఈ000లోనే ఉండిపోయినవి. మిత్రునికి పంపితే చోళరాజుల పేరు నడుమ ఒక ఖాళీ డబ్బా కనబడింది!

ఒక్కసారిగా మార్చివేయవచ్చును గదా అని మీరనవచ్చు. ఇక్కడే రెండవ తప్పు బయటపడింది. వేరొక సంచయంలో అదే గడిని ౚ అక్షరానికి వాడి, ఆ సంగతి ఎక్కడా వ్రాసిపెట్టుకోలేదు. ౚకారం 2015లో 8.0తో యూనికోడులో చేరింది. రెండు సంచయాలూ అప్పటికే కలిసిపోయినవి. ఏ డబ్బా ఏ అక్షరమో అచ్చుప్రతితో పోల్చి చూడడమే గతి.

2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాతతరహా పొడిగింతలను విడిచిపెట్టడంతో పద్మ తొలిరూపం అక్కడ పనిచేయడం మానింది. వెబ్ పుటగా ఉన్న లేఖినికి ఆ దెబ్బ తగలలేదు. నేనిప్పుడు శాసనాలను లేఖినిలోనే టైపు చేస్తున్నాను. ఴ, ౚ వచ్చినచోట అక్షరపటం నుండి ఎత్తి అతికిస్తున్నాను. పాత సంచయంలో ఇంకా పదకొండు పుటలు సరిచూడవలసి ఉన్నవి.