కలనం లేని గరిష్ఠం: ఢిల్లీ మాస్టారి ప్రయత్నం

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. 10ని రెండు భాగాలు చేయాలి. ఆ రెండింటి లబ్ధం అన్నిటికంటే ఎక్కువ కావాలి. ఎలా విడగొడతారు?

ఇంటర్మీడియట్ చదివినవారు వెంటనే అవకలనం చేసి, ఫలితాన్ని సున్నాకు సమానం చేస్తారు. 5, 5 అని జవాబు వస్తుంది. ‘సున్నాకు ఎందుకు సమానం చేశారు?’ అని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. సూత్రం తెలుసు, అర్థం తెలియదు!

ఈ చిక్కు గురించి ఆలోచించిన మాస్టారు ఒకరు ఢిల్లీలో ఉండేవారు. ఆయన పేరు రామచంద్ర (1821–1880). నేటి జాకిర్ హుసేన్ ఢిల్లీ కళాశాలకు పూర్వరూపమైన ఢిల్లీ కాలేజీలో ఆయన ఉర్దూ మాధ్యమంలో విజ్ఞానశాస్త్రం బోధించారు. భాస్కరాచార్యుని కాలం నుంచీ బీజగణితం మన దేశంలో వేళ్లూనిన విద్య. ఆ దారినే మన విద్యార్థులను ఉన్నత గణితంలోకి తీసుకువెళ్లవచ్చునని ఆయన ఆశ. గరిష్ఠ, కనిష్ఠ సమస్యలను కలన గణితం లేకుండా, కేవలం బీజగణితంతో సాధిస్తూ ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. అది 1850లో కలకత్తాలో అచ్చయింది.

ఆ పద్ధతిని మన లెక్కపైనే చూడండి. ఒక భాగం క, లబ్ధం ల అనుకుందాం. అప్పుడు క(10 − క) = ల, అంటే క² − 10క + ల = 0. దీన్ని సాధిస్తే క = 5 ± √(25 − ల). ల విలువ 25 దాటితే వర్గమూలం లోపల రుణసంఖ్య వస్తుంది; అలాంటి వాస్తవ సంఖ్య లేదు. కనుక గరిష్ఠ లబ్ధం 25. అప్పుడు క = 5.

ఇదే లెక్కను జర్మన్ పండితుడు లైబ్నిజ్ మరోలా చూస్తారు. క విలువ ‘డీక’ అనేంత కొద్దిగా పెరిగితే, లబ్ధం (10 − 2క)డీక − (డీక)² మేరకు మారుతుంది. డీక అతి చిన్నదైతే దాని వర్గం ఇంకా చిన్నది, వదిలేయవచ్చు. మిగిలిన మార్పును డీకతో భాగిస్తే 10 − 2క. ఇదే అవకలజం. శిఖరం మీద ఎత్తు పెరగడం ఆగి, తగ్గడం ఇంకా మొదలుకాదు. అందుకే అక్కడ ఇది సున్నా!

‘డీ’ అనే అక్షరం భేదాన్ని సూచిస్తుంది. సమాకలనానికి వాడే పొడవాటి గుర్తు, ‘మొత్తం’ అనే అర్థమున్న లాటిన్ మాటలోని తొలి అక్షరం ‘ఎస్’ సాగదీసిన రూపం. లైబ్నిజ్ దాన్ని 1675లో తొలిసారి రాసుకున్నారు. 1684లో ఆయన అవకలనంపై ప్రచురించిన వ్యాసం కూడా గరిష్ఠ, కనిష్ఠాల గురించే! న్యూటన్ మాత్రం అక్షరంపై చుక్క పెట్టారు. అందులో దేనికి సంబంధించి మార్పు జరుగుతోందో కనబడదు; లైబ్నిజ్ గుర్తులో కనబడుతుంది.

రామచంద్ర పుస్తకానికి కలకత్తాలో విమర్శలే ఎదురయ్యాయి. ఐతే దాని ప్రతులు లండన్‌లోని గణిత ఆచార్యుడు డి మోర్గాన్‌కు చేరాయి. 1806లో మదురైలో పుట్టిన ఆయన దాని విలువ గుర్తించారు. ఆయన పీఠికతో 1859లో లండన్‌లో పునర్ముద్రణ వెలువడింది. ఈలోగా 1857 తిరుగుబాటులో ఢిల్లీ కాలేజీ గ్రంథాలయం లూటీ అయింది. రామచంద్ర ప్రాణాలతో తప్పించుకున్నారు. ఆయన కోరుకున్న దారి మన తరగతి గదులకు రానేలేదు.

ఆ దారికీ హద్దులున్నాయి. ఘన సమీకరణం ఎదురైతే కొత్త ఉపాయం వెతకాలి. సైన్, కొసైన్‌లు వస్తే పని మరింత కష్టం. లైబ్నిజ్ గుర్తులు అన్నిటికీ ఒకే తీరున పనిచేస్తాయి. వాటి బలం అదే. వాటి ప్రమాదమూ అదే: ఆలోచించకపోయినా జవాబు వచ్చేస్తుంది!

కాబట్టి ఈసారి గరిష్ఠ విలువ లెక్క ఎదురైనప్పుడు రెండు దారుల్లోనూ చేసి చూడండి. రెండు జవాబులూ ఒకటే ఎందుకయ్యాయో మీ మాటల్లో చెప్పగలిగితే, కలనం మీకు వచ్చినట్లే.