గంజాయి క్యాన్సర్‌ని తగ్గిస్తుందా? ఆ మాట ఎక్కడ పుట్టింది?

పోయినేడు మా పిన్నికి కీమో నడుస్తున్నప్పుడు ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక ఫార్వర్డ్ వచ్చింది. గంజాయి నూనె వాడితే క్యాన్సర్ మాయమట, డాక్టర్లు దాస్తున్నారట. బాబాయ్ నన్ను పక్కకి పిలిచి, "నువ్వు నెట్‌లో అన్నీ చూస్తావుగా, అదెక్కడ దొరుకుతుందో కనుక్కోరా" అన్నాడు. నేను మాత్రం అసలీ మాట ఎక్కడ పుట్టిందో వెతికా.

దొరికింది అమెరికాలో, బోస్టన్ దగ్గర. లెస్టర్ గ్రిన్‌స్పూన్ హార్వర్డ్‌లో సైకియాట్రిస్ట్. గంజాయి గురించి జనం భయపడేంత లేదని 1971లో పెద్ద పుస్తకమే రాశాడు. ఆయన కొడుకు డానీకి లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్. కీమో ఎక్కిస్తే చాలు, గంటల తరబడి వాంతులు. వేరే ఊళ్లో ఒక కుర్రాడు కీమోకి ముందు గంజాయి తాగి ఆ బాధ తప్పించుకున్నాడని ఎమిల్ ఫ్రై అనే క్యాన్సర్ డాక్టర్ చెప్పాడు. మనమూ చూద్దామంది తల్లి బెట్సీ. పుస్తకం రాసిన మనిషే వద్దన్నాడు! చట్టం ఒప్పుకోదు, హాస్పిటల్ వాళ్లకి ఇబ్బంది అని. ఆమె వినలేదు. డానీ ఫ్రెండ్ ద్వారా తెప్పించి, హాస్పిటల్ పార్కింగ్‌లోనే తాగించింది. ఆ రోజు వాంతి లేదు. ఇంటికెళ్లే దారిలో శాండ్‌విచ్ కావాలన్నాడు డానీ.

కానీ 1973లో డానీ చనిపోయాడు. వాంతులు తగ్గాయి, క్యాన్సర్ తగ్గలేదు.

ఫ్రై ఆ పిల్లాణ్ని స్వయంగా చూశాక, సహచరులతో కలిసి 22 మంది పేషెంట్లతో ట్రయల్ చేశాడు. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ ఒకసారి, ఉత్త క్యాప్సూల్ ఒకసారి. ఏది ఏదో ఎవరికీ తెలీదు. టీహెచ్‌సీతో చాలామందికి వాంతులు తగ్గాయని 1975లో పేపర్ వచ్చింది. 1985లో ఎఫ్‌డీఏ దాన్ని మందుగా ఒప్పుకుంది, అదీ మామూలు మందులు పనిచేయనివాళ్లకే. మన ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చిందీ అదే ఏడాది. 1991లో అమెరికాలో ఆండాన్‌సెట్రాన్‌కి అనుమతి వచ్చాక టీహెచ్‌సీ వెనకబడింది.

మరి కణితి సంగతి? ల్యాబ్ ఎలుకల్లో కొంత ఆశ కనిపించింది. మనుషుల్లో నయం చేస్తుందని ఇప్పటికీ రుజువు కాలేదు.

ఇదంతా విని బాబాయ్ ఒక్కటే అడిగాడు: "మరి మీ పిన్ని వాంతులు?" ఆవిడ మొహమాటపడి ఆ విషయం డాక్టర్‌గారికి చెప్పనే లేదని అప్పుడు తెలిసింది. చెప్తే మందులు మార్చి రాశారు. తర్వాతి సైకిల్ అయ్యి ఇంటికొచ్చాక, పెరుగన్నం కలపమంది.