సహకార సంఘము: తాళపుచెవి యెవరి చేతిది?



హైదరాబాదు నగరమునకు పడమట, మాదాపురపు రాతిగుట్టల నడుమ, 1998లో సైబర్ టవర్స్ అను భవనము వెలసినది. హైటెక్ సిటీ యను పేరు ఆనాటినుండి దేశదేశములకు ప్రాకినది. అంతకు మూడేండ్ల ముందు, 1995లో, అదే నగరమున కూర్చున్న శాసనసభ యొక చట్టము చేసెను. అద్దాలమేడను ఎల్లరును చూచిరి. చట్టమును చూచినవారు కొలదిమంది. దాని పేరు పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము. రైతు చేర్చిన సొమ్ముపై పెత్తనము రైతుదా, సర్కారుదా యను చిరకాలపు తగవునకు ఆ చట్టము ఒక తీర్పు. ఆ తగవు కథయే నేటి ప్రసంగ విషయము.

మన పల్లెలలో అప్పు పుట్టుట యెంత కష్టమో, తీరుట యంతకంటె కష్టమను మాట మీకు నేను చెప్పవలసినది కాదు. గత శతాబ్దికి పూర్వమే ఈ బాధ దొరల చెవిని పడెను. చెన్నరాజధాని ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారిని ఐరోపాకు పంపగా, ఆయన 1895, 1897 సంవత్సరములలో తన నివేదికను సమర్పించెను. జర్మనీ దేశమున రైఫైజెన్ అను నాతడు స్థాపించిన గ్రామ సంఘముల పద్ధతి ఆయనకు నచ్చినది. ఒక ఊరివారు ఒకరి నొకరు ఎరుగుదురు. ఎవని మాట నిలుచునో, ఎవనిది నిలువదో వారికి తెలియును. కావున ఒకరికొకరు పూచీపడి అప్పు తెచ్చుకొనవచ్చును. ఇదియే అందలి కిటుకు. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. 1912 నాటి చట్టముతో అమ్మకము, కొనుగోలు మొదలగు ఇతర కార్యములకును సంఘములు పెట్టుకొనుటకు వీలు కలిగెను. నిజాము రాజ్యమున 1914లో ఇట్టి చట్టమే వెలువడినది.

విత్తనము మంచిదే, కాని దానిని నాటినది రైతు కాదు, సర్కారు. సంఘమును నమోదు చేయువాడు రిజిస్ట్రారు, తనిఖీ చేయువాడు రిజిస్ట్రారు, రద్దు చేయువాడును అతడే. స్వాతంత్ర్యానంతరము గ్రామీణ పరపతిని విచారించిన అఖిలభారత సంఘము 1954లో నివేదిక ప్రకటించినపుడు, రైతులు చేయు అప్పులలో సహకార సంఘములు ఇచ్చునది నూటికి మూడు పాళ్లు మాత్రమే యని తేలినది. దానికి చూపిన మందు, సర్కారు తానే వాటా ధనము పెట్టి భాగస్వామి యగుట. మందుతోపాటు మరియొక రోగమును వచ్చినది. ధనము పెట్టినవాడు పెత్తనము కోరకుండునా?

ఆంధ్రప్రదేశపు 1964 నాటి సహకార చట్టము ఆ పెత్తనమునకు దారి చేసినది. పాలకవర్గమును తొలగించుట, ఎన్నికలు వాయిదావేసి పర్సన్ ఇన్‌చార్జిని కూర్చుండబెట్టుట, సంఘములను విడదీయుట, కలుపుట సర్కారు చేతిలోనివయ్యెను. 1987లో ఏకగవాక్ష విధానమని సంఘములను పునర్వ్యవస్థీకరించిరి. మంచి యుద్దేశముతోనే చేసినను, ఏ యూరి సంఘము ఏ సంఘముతో కలియవలెనో సభ్యు లడిగి నిర్ణయించినది కాదు. ఆంధ్ర ప్రాంతమున 2013లో ఎన్నికలు జరిగిన పిమ్మట, ప్రాథమిక సంఘములు పెక్కేండ్లు నియమితుల చేతులలోనే నడచినవి. వాటాదారు మాత్రము ఎరువుల బస్తాకొరకు వరుసలో నిలుచు వాడుకదారు డాయెను.

ఇది మనకు మాత్రమే పట్టిన గ్రహచారము కాదు. ఆఫ్రికా ఖండమున కిలిమంజారో పర్వతపు వాలులందు చగ్గా జాతి రైతులు కాఫీ పండింతురు. వారు 1925లో తమ సంఘమును పెట్టుకొనిరి. 1930 తరువాతి యేండ్లలో అది పెద్ద సహకార సమాఖ్యగ మారినది. 1961లో ఆ దేశమునకు స్వాతంత్ర్యము వచ్చెను. తమ ప్రభుత్వమే వచ్చిన తరువాత, 1976లో, టాంజానియా సర్కారు సహకార సమాఖ్యల నన్నిటిని రద్దుచేసి, పంటల కొనుగోలును సర్కారు సంస్థల కప్పగించెను. రైతు తెచ్చిన పంటకు సకాలమున డబ్బు ముట్టలేదు. తుదకు 1982లో మరల చట్టము చేసి సమాఖ్యలను పునరుద్ధరింపవలసి వచ్చెను. పరాయి దొరయైనను, మన దొరయైనను, రైతు సంఘమును తన కచేరీగ భావించినచో ఫలిత మొక్కటియే.

ఇంతటి యెండలోను మన యొద్ద ఒక చెట్టు నిలిచినది. కరీంనగరు ప్రాంతపు ముల్కనూరులో, 1956లో, అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు చుట్టుపట్ల పల్లెల రైతులను చేర్చి సహకార గ్రామీణ బ్యాంకును స్థాపించిరి. అప్పిచ్చుట, ఎరువులు విత్తనము లందించుట, పండిన పంటను కొని అమ్మిపెట్టుట, ఈ మూడును ఒకే చూరు క్రింద జరుగును. అప్పు తీసికొన్నవాడు పంటను అచ్చటనే అమ్మును. బాకీ అందుండియే తీరును. ఈ శతాబ్ది తొలి యేండ్లలో అక్కడి ఆడువారు తమ పొదుపు సంఘములు నేర్పిన ధైర్యముతో స్వకృషి యను పేర పాలకేంద్రము పెట్టుకొనిరి.

ఇట్టి సంఘముల యనుభవమును చేతబట్టుకొని, 1982లో పుట్టిన సహవికాస సంస్థ మొదలగువారు స్వేచ్ఛాయుతమైన చట్టముకొరకు పోరిరి. చౌధురీ బ్రహ్మప్రకాశ్ గారి అధ్యక్షతన కేంద్ర ప్రణాళికా సంఘము నియమించిన ఉపసంఘము 1991లో ఒక మాదిరి చట్టమును సూచించెను. ఆ జాడలోనే 1995 చట్టము వచ్చినది. ఈ చట్టము క్రింద నమోదైన సంఘములో సర్కారు వాటా ఉండదు. నియమావళిని సభ్యులే వ్రాసికొందురు. ఎన్నికలు, లెక్కల తనిఖీ, మహాసభ సకాలమున జరిపించుట పాలకవర్గపు బాధ్యత; జరిపింపనివారు పదవి పోగొట్టుకొందురు. నష్టము వచ్చినచో దానిని పూడ్చుకొనవలసినవారును సభ్యులే. మరికొన్ని రాష్ట్రములును ఈ త్రోవ త్రొక్కినవి.

కాని పెత్తనము విడుచుట సులభము కాదు. ఈ చట్టము క్రిందికి మారిన జిల్లా పాల సంఘములను మరల 1964 చట్టము క్రిందికి లాగుటకు 2006లో ప్రభుత్వము సవరణ చట్టము తెచ్చెను. హైకోర్టు దానిని కొట్టివేసెను. 2011లో సుప్రీముకోర్టును ఆ తీర్పునే స్థిరపరచెను. సంఘముగ కూడుకొను హక్కు రాజ్యాంగ మిచ్చిన హక్కనియు, సభ్యుల యిష్టము లేక దాని రూపము మార్చరాదనియు ఆ తీర్పు సారము.

అయితే పెద్దలారా, స్వేచ్ఛ యొక్కటియే చాలునా? చాలదు. ఈ చట్టము పేరనే నమోదై, అధిక వడ్డీ ఆశచూపి, జనుల సొమ్ము దిగమ్రింగిన సంఘములును ఉన్నవి. అట్టిచోట్ల రిజిస్ట్రారు చూడలేదని నిందించుట కంటె ముందు, సభ్యులు లెక్కలు చూచిరా యని యడుగవలెను. కాపలాదారును తొలగించిన యింటివాడు తానే మేలుకొని యుండవలెను గదా.

కావున మీ యూర సంఘ మున్నచో మూడు ప్రశ్న లడుగుడు. కడపటి మహాసభ యెన్నడు జరిగెను? లెక్కల తనిఖీ పత్రమును సభలో బిగ్గరగ చదివిరా? పాలకవర్గమును ఎన్నుకొన్నది మీరా, పై నుండి వచ్చిన కాగితమా? ఈ మూటికిని సరియైన జవాబు దొరికిన యూర సంఘపు తాళపుచెవి ఊరివారి మొలనే యున్నది. దొరకని యూర, గోడమీద మీ పేరున్నను, ఇల్లు మీది కాదు. చట్టము తలుపు తెరచినది. లోనికి పోయి కూర్చుండవలసినవారు మీరు.